న్యాయపీఠము - రాజదండము

ఉయ్యూరు, కంకిపాడు, పామర్రు ప్రాంతములందు బిడ్డయో మనుమడో అమెరికాలో లేని వీథి నేడు అరుదు. అందుచేత సాయంకాలము అరుగులమీద కూర్చున్న పెద్దలు ఆ దేశపు వార్తలను పొరుగూరి వార్తలవలె విచారించుచుందురు. “అచ్చటి అధ్యక్షుడు కోర్టులను లెక్కచేయడట గదా! అచ్చటి న్యాయమూర్తులు సైతము పార్టీల ననుసరించి తీర్పులు చెప్పుదురట గదా! అది నిజమేనా, మాస్టారూ?” అని నన్ను పలువురు అడిగిరి. ఒక్కమాటలో తెగు ప్రశ్న కాదది. పైగా దానికి ఉత్తరువు అమెరికాలో వెదకుటకు ముందు మన ఇంటిలో వెదకుట మేలు. దూరపు కొండలు నునుపన్నట్లే, దూరపు గోతులు లోతుగా తోచును. మనము దాటివచ్చిన గోతిని మరచిన యెడల ఇతరుల గోతి లోతును కొలువలేము.

బెజవాడను గూర్చి మన పెద్దలు చెప్పు గాథ ఒకటి కలదు. మాధవవర్మ యను రాజు ఈ పట్టణము నేలుచుండగా, రాజకుమారుని రథము క్రిందబడి చింతచిగురమ్ముకొను పేదరాలి బిడ్డ మరణించెను. తల్లి వచ్చి మొరపెట్టుకొనెను. రాజు విచారించి, అపరాధము నిశ్చయమైన పిదప, కన్నకొడుకునకే మరణదండనము విధించెను. అది చూచి అమ్మవారు కనకవర్షము కురిపించెనని కథ. ఇది చరిత్రమా, కల్పనమా యను చర్చ పండితులకు వదలుదము. శతాబ్దములుగా ఈ కథను చెప్పుకొనుచున్న ప్రజల మనస్సులో ఏమున్నదో అది మనకు ముఖ్యము. రాజుగారి బిడ్డకును, చింతచిగురమ్మువాని బిడ్డకును ఒక్కటే త్రాసు ఉండవలెననియే వారి కోరిక. అయితే ఈ కథలో లోపమొకటి కలదు. ఇందు న్యాయమంతయు రాజుయొక్క మంచితనముమీదనే నిలచియున్నది. రాజు మాధవవర్మ కానినాడు ఆ తల్లి గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానముగానే నేటి రాజ్యాంగములు పాలించువానిని, తీర్పు చెప్పువానిని వేరుచేసినవి.

ఇట్లు వేరుచేయుటవలన కలుగు ఫలమును మన ఆంధ్రదేశమే ఒకసారి కన్నది. 1964వ సంవత్సరమున నీలం సంజీవరెడ్డిగారు మన ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు మార్గములను ప్రభుత్వపరము చేయుటకు పథకములు వెలువడినవి. తమపై రాజకీయ వైరముచేతనే ఆ మార్గములను ముందుగా ఎన్నుకొనిరని బస్సు యజమానులు సుప్రీంకోర్టుదాక పోయిరి. ముఖ్యమంత్రి తాను స్వయముగా ప్రమాణపత్రము దాఖలుచేసి ఆ యారోపణను ఖండింపలేదని న్యాయమూర్తులు గమనించి, ఆ పథకములను కొట్టివేసిరి. పదవి వదలుమని ఆ తీర్పులో ఎచ్చటను లేదు. అయినను సంజీవరెడ్డిగారు ఆ వ్యాఖ్యల తరువాత, ఫిబ్రవరి నెలలోనే రాజీనామా చేసిరి. ఆయన రాజకీయములను మెచ్చువారు, మెచ్చనివారు ఇరువురును కలరు. కాని సింహాసనము తీర్పునకు తలవంచిన ఆ దినము మెచ్చదగినదే.

పదునొకండు సంవత్సరములు గడచెను. 1975 జూన్ 12వ తేదీన అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగమోహనలాల్ సిన్హాగారు, ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు రాయబరేలినుండి ఎన్నికగుట చెల్లదని తీర్పు చెప్పిరి. ఆమె సుప్రీంకోర్టున కప్పీలు చేసికొనగా, జూన్ 24న న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు షరతులతో కూడిన స్టే నిచ్చిరి. మరునాటి రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. విచారణ లేకయే లక్షకు పైగా జనులు నిర్బంధింపబడిరి. పత్రికలపై సెన్సారు విధింపబడినది. ప్రధానమంత్రి ఎన్నికను కోర్టులు విచారింపరాదని ఆగస్టులో రాజ్యాంగమునే సవరించిరి. ఒక వ్యక్తికొరకు మూలశాసనమును మార్చుట యనగా, ఒక రైతు పొలము కొరకు కాలువగట్టును తెగగొట్టుట వంటిది.

ఆనాడు నేను పాఠశాలలో చదువుకొను బాలుడను. పంచాయతీ రేడియో దగ్గర పెద్దలు మునుపటివలెనే గుమిగూడుచుండిరి. వార్తలు మునుపటివలెనే వచ్చుచుండెను. రైళ్లు వేళకు నడచుచున్నవని విన్నాము. ఎవరు ఎందుకు చెరసాలలో నున్నారో వినలేదు. నాడు ఆకాశవాణి ప్రభుత్వ శాఖ. 1997లో ప్రసారభారతి యేర్పడువరకు అట్లే యుండెను. ఈ సంగతిని ఈ రేడియోలోనే నేడు చెప్పగలుగుచున్నాననగా, పోయినది కొంత తిరిగివచ్చినదనియే అర్థము.

ఇట్టి సమయమున ధర్మాసనమేమి చేసెను? విచారణ లేక బంధింపబడినవాడు ‘నన్నెందుకు బంధించితిరి?’ అని కోర్టు నడుగవచ్చునా, లేదా యను ప్రశ్న సుప్రీంకోర్టునకు వచ్చినది. అడుగవచ్చునని పలు హైకోర్టులు అప్పటికే చెప్పియుండెను. ప్రభుత్వ పక్షమున వాదించిన అటార్నీ జనరలును న్యాయమూర్తి హంసరాజ్ ఖన్నాగారు ఒక ప్రశ్న వేసిరి. ఒక పోలీసు అధికారి వ్యక్తిగత ద్వేషముచేత ఒకని ప్రాణము తీసినను ఇప్పుడు కోర్టులో దిక్కు లేదా? అని ఆయన అడుగగా, అత్యవసర పరిస్థితి యున్నంతవరకు లేదనియే సమాధానము వచ్చెను. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు ప్రభుత్వ వాదమునే అంగీకరించిరి. ఖన్నాగారొక్కరే కాదనిరి. 1977 జనవరిలో, వరుసనుబట్టి ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకన్న చిన్నవారికి ఈయబడినది. ఆయన రాజీనామా చేసి వెడలిపోయిరి.

ఆర్యులారా! భారతము చదివిన మనకు ఈ సన్నివేశము క్రొత్తది కాదు. నిండుసభలో ద్రౌపది యడిగినది దయాభిక్ష కాదు, శుద్ధమైన న్యాయప్రశ్న. ముందుగా తన్ను తానొడ్డి యోడినవానికి, స్వాతంత్ర్యము పోయిన పిమ్మట, భార్యను ఒడ్డు నధికార మెక్కడిది? అని ఆమె యడిగెను. ధర్మము తెలిసిన వారందరును ఆ సభలో నుండిరి. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. తక్కినవారు తలలు వంచిరి. కౌరవులలో పుట్టిన వికర్ణుడు మాత్రము లేచి, ఆమె గెలువబడలేదని చెప్పెను. పిల్లవాడవని కర్ణుడతనిని గద్దించెను. వికర్ణుని మాట ఆనాడు నెగ్గలేదు. అయినను నేటికిని ఆ సభలో ఎవరి పలుకును తలచుకొని మనము ఊరడిల్లుచున్నాము? భీష్ముని పాండిత్యమును కాదు గదా! తీర్పరికి విద్య చాలదు. తన పక్షము తన్ను చూచుచుండగా దానికి విరుద్ధముగా సత్యము పలుకు ధైర్యము కావలెను.

ఖన్నాగారి మాటయు అట్లే ఆనాడు ఓడినది. కాని 1978 నాటి 44వ సవరణచేత, అత్యవసర పరిస్థితిలో సైతము ప్రాణస్వేచ్ఛల హక్కును కోర్టులో అడుగకుండ ఆపరాదని శాసనమైనది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండి, 1976 నాటి ఆ తీర్పు తప్పని ప్రకటించిరి. ఆ మాట వ్రాసిన న్యాయమూర్తి ధనంజయ చంద్రచూడుగారు. 1976లో ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పిన నలుగురిలో ఒకరైన యశ్వంత చంద్రచూడుగారి కుమారుడు. తండ్రి తీర్పును తనయుడు దిద్దినాడు. మాధవవర్మ కథకు ఇది తిరుగుదిశ.

ఆ 2017 తీర్పే మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారి పాతమాటను కూడ నిలబెట్టినది. వ్యక్తి యింటి గోప్యతను అర్ధరాత్రి పోలీసులు భంగపరచుట అతని స్వేచ్ఛకు విరుద్ధమని 1962లోనే ఆయన అల్పసంఖ్యాకుల పక్షమున వ్రాసియుండిరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు నెలకొన్నప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనయే. తరువాత భారత ప్రధాన న్యాయమూర్తియైరి. అయితే మనవాడను మమకారముచేత ఒక సంగతిని దాచరాదు. 1967 ఫిబ్రవరిలో పార్లమెంటు అధికారమునకు హద్దు గీసిన గోలక్‌నాథ్ తీర్పు చెప్పి, ఏప్రిల్‌లో పదవి వదలి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఆయన ఓడిపోయిరి. తీర్పు నిజాయితీతో కూడినదేయైనను, పీఠము దిగిన వెంటనే రాజకీయ రంగమున కాలుమోపిన యెడల, చూచువాని మనస్సులో సందేహపుబీజము పడును. న్యాయము జరుగుట యొక్కటియే చాలదు. జరిగినదని ఓడినవాడు సైతము నమ్మవలయును. పీఠము దిగిన న్యాయమూర్తులు కొంతకాలము ఏ పదవియు కోరక యుండుట మేలని నా యభిప్రాయము.

ఇంకొక సంగతి మన తెలుగువారమే తలచుకొనవలసినది. 1977 మార్చిలో ఎన్నికలు జరుగగా ఉత్తరదేశము ఇందిరాగాంధీగారిని ఓడించినది. మన రాష్ట్రమున నున్న 42 స్థానములలో 41 స్థానములు ఆమె పక్షమునకే దక్కినవి. తక్కిన ఒక్కటి నంద్యాల. అచ్చట గెలిచినది ఎవరు? 1964లో కోర్టు మాటకు పదవి వదలిన ఆ సంజీవరెడ్డిగారే. ఆ సంవత్సరమే ఆయన రాష్ట్రపతి యైరి. ఆనాటి ఓటర్లను నిందించుట నా యుద్దేశము కాదు. ఓటునకు కారణములు పలువిధములుగా నుండును. కాని నిరంకుశత్వము తన కంటిముందరికి రానంతవరకు మనుష్యుడు దానిని లెక్కింపడనుట సత్యము. పొరుగువాని పొలమునకు నీరు ఆగిననాడు మనము మాటలాడకున్న, మన తూము మూయబడిననాడు అడుగువాడుండడు.

ఇప్పుడు అమెరికా మాట. ఆ దేశమున న్యాయమూర్తిని అధ్యక్షుడు ఎన్నుకొనగా సెనేటు ఆమోదించును. సుప్రీంకోర్టులో తొమ్మండుగురు, పదవి జీవితాంతము. కావున ఎవరు నియమించిరో వారి పక్షమని జనులనుకొనుట సహజము. 2024 జులై 1న, అధ్యక్షుడు తన అధికార కార్యములకై పదవి వదలిన పిదపను నేరవిచారణనుండి చాలవరకు రక్షణ పొందునని ఆ కోర్టు ఆరుగురు, మువ్వురుగా తీర్పు చెప్పినది. ఆ యార్గురిలో మువ్వురు ట్రంపుగారు నియమించినవారే. కాదనిన మువ్వురు ఎదుటి పార్టీ అధ్యక్షులు నియమించినవారు. భయములేక పాలించుటకు ఆ రక్షణ కావలెనని కొందరు, రాజును చట్టమున కతీతుని చేసినట్లైనదని కొందరు వాదించుచున్నారు. అచ్చటి మన పిల్లల భయమునకు ఇట్టి తీర్పులే మూలము.

అయినను ఆ దేశచరిత్రకు రెండవ ముఖము కలదు. 1937లో రూజ్వెల్టుగారు తమ చట్టములను కొట్టివేయుచున్న సుప్రీంకోర్టులో మరియార్గురివరకు న్యాయమూర్తులను చేర్చదలచిరి. సెనేటులో వారి పార్టీకే మిక్కిలి యాధిక్యము. అయినను ఆ పార్టీవారే అడ్డుపడగా ఆ యత్నము సాగలేదు. 1974 జులై 24న నిక్సనుగారు రహస్యపు టేపులను అప్పగింపవలసినదేయని ఎనమండుగురు ఏకకంఠముగా చెప్పిరి. అందు మువ్వురు ఆయన నియమించినవారు. పదునారు దినములకు ఆయన పదవి వదలెను. 2025 జనవరి 20న, తాత్కాలిక వీసాలమీద నున్నవారికి పుట్టు బిడ్డలకు పౌరసత్వము లేదని ట్రంపుగారు ఉత్తరు విచ్చిరి. ఈ యుత్తరువు మన తెలుగు కుటుంబములను నేరుగా తాకునది. మూడవ దినముననే సియాటిల్ నగరపు న్యాయమూర్తి కాగ్నౌరుగారు దానిని ఆపిరి. ఆయనను నియమించినది ట్రంపుగారి పార్టీకే చెందిన రీగనుగారు. కావున, అచ్చటి న్యాయమూర్తులందరు పార్టీవారే యనుటయు, ఎవ్వరును కారనుటయు రెండును సరికావు. నియమించినవానికి విరుద్ధముగా చెప్పవలసి వచ్చినప్పుడు చెప్పుదురా లేదా యనుటయే గీటురాయి.

పెద్దలారా! ఈ గీటురాయిని మొదట మనమీదనే గీచుకొందము. గట్టు తగవో, కాలువ నీటి తగవో వచ్చినప్పుడు పెద్దమనుష్యులుగా కూర్చుండువారము మనమే. వచ్చినవాడు ఏ కులమువాడు, ఏ పార్టీవాడు, ఎవరికి వియ్యంకుడు అని ముందే విచారించుకొని రచ్చబండ నెక్కినచో, ఢిల్లీలోని పీఠమును, వాషింగ్టనులోని పీఠమును నిందించు నర్హత మనకుండదు. అక్కడి న్యాయమూర్తులును ఇట్టి ఊళ్లలో, ఇట్టి అరుగులమీద పెరిగినవారే. మనము నేర్పినదే వారు నేర్చియుందురు.

అందుచేత నా విన్నపములు మూడు. తీర్పు మనకు నచ్చినదా యని కాక, దానికి చెప్పిన కారణము నిలుచునా యని విచారింపుడు. మనకు నచ్చిన నాయకునిపై వచ్చిన తీర్పును చూచి, అదే తీర్పు మనకు నచ్చనివానిపై వచ్చిన నేమందుమో ఆలోచింపుడు. ఊరిలో పదిమంది ఔననగా ఒక్కడు కాదనినచో, వానిని గద్దింపక, వాని మాట తుదివరకు వినుడు. ఆ యొక్కని మాటయే నలుబది యేండ్లకు దేశపు శాసనము కావచ్చును. పుల్లేరు కాలువ నీరు శివారు పొలమునకు చేరవలెనన్న, పైనున్న తూముల వారెల్లరును హద్దు పాటింపవలెను. న్యాయమును అట్లే క్రిందివరకు పారవలసిన నీరు.