అవసానకాలమున ఉపశమన సేవ
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. మేము మందులచే నయముగాని రోగముతో మంచము పట్టినవారిని గూర్చి విన్నవింప నెంచితిమి.

ఆయుర్వేదజ్ఞులు వ్యాధులను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించిరి. వ్యాధి అసాధ్యమైనంతమాత్రమున దానివలని బాధ అసాధ్యము కాదు. ఈ భేదమును మనవారు గుర్తింపకున్నారు. “ఇక ఇంటికి తీసికొని పొండు” అని వైద్యుడు చెప్పిన దినముననే చికిత్స ముగిసినదని తలంచి, నొప్పిని కర్మఫలమని యూరకుందురు. అంతకు పూర్వమే యారంభింపదగిన ఉపశమన చికిత్స ఆ దినమునుండి మిక్కిలి యవసరము. నొప్పి, ఆయాసము, వాంతులు, మలబద్ధము, శయ్యావ్రణములు తగ్గించుటయు, కుటుంబమునకు ధైర్యము చెప్పుటయు దాని పని.

క్యాన్సరు రోగుల తీవ్రమైన నొప్పికి నల్లమందునుండి తీయబడు మార్ఫీన్ ముఖ్యౌషధము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమువలన దాని అనుమతులు దుర్లభములై యుండగా, 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి మార్గమును సుగమము చేసినది. అయినను “అలవాటు పడును, ఆయువు తగ్గును” అను భయము గృహస్థులను వదలలేదు. వైద్యుని యాజ్ఞానుసారము తగు మోతాదున నిచ్చినచో ఈ భయమునకు అంతగా తావు లేదు.

కేరళమున కోళిక్కోడులో 1993లో ఆరంభమైన సేవ గ్రామస్థుల సాయముతో ఇండ్లకు చేరినది. 2008లో ఆ ప్రభుత్వము ఉపశమన సేవా విధానమునే ప్రకటించినది. హైదరాబాదున ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రియందు ఉపశమన విభాగము కలదు. బంజారాహిల్సు రోటరీవారు 2011లో నెలకొల్పిన స్పర్శ్ హాస్పిస్ ఉచితముగా సేవ చేయుచున్నది. కాని కదలలేని రోగిని జగ్గయ్యపేటనుండి అంతదూరము కొనిపోవుట మరియొక బాధ. నందిగామకు బెజవాడ కొంత దగ్గరయే యైనను, మాటిమాటికి బాడుగ కారు కట్టుట పేదలకు అలవి కాదు. సేవయే రోగి యొద్దకు రావలయును.

కావున పోషకులకు మా విజ్ఞాపన మిది. జగ్గయ్యపేట, నందిగామలయందు శిక్షణ పొందిన నర్సును చెరియొకరిని నియమింపవలయును. ఇండ్లకు పోవుటకు వాహనము, ఎరువిచ్చుటకు గాలిపరుపులు, రోగికి మారుగా బంధువు పోయి మందు తెచ్చుటకు దారిఖర్చు సమకూర్పవలయును. మార్ఫీన్ మాత్రము అనుమతి గల వైద్యాలయము ద్వారానే రావలయును. మన యువకులు పదుగురు రోగిని ప్రక్కకు త్రిప్పుట, వ్రణమును శుభ్రపరచుట నేర్చుకొనవలయును. ఇందులకై కల్యాణమంటపమున కొక అంతస్తు తగ్గినను లోపము లేదు.

ఈ సేవ మనవారికే పరిమితము కారాదు. మన యింటికి వచ్చిన నర్సు ప్రక్కయింటి మూలుగు విని దాటిపోయినచో, మన సంఘము చేసినది సేవ యనిపించుకొనదు.

పెండ్లిండ్లకు కూడుచున్నాము, దినవారములకు కూడుచున్నాము. మంచముపై గడచు మాసములలో మాత్రము ఎవ్వరమును కానరాము. ఆ లోటు తీర్చుటకు ఈ మహాసభయందే తీర్మానము గావింప ప్రార్థించుచున్నాము.