వదులుకుని నటించినవాడు
(సంజీవ్ కుమార్ వర్ధంతి సందర్భంగా సూరత్‌లోని అడాజన్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఇక్కడి నుంచి పాల్ వైపు వెళ్తే సూరత్ నగరపాలక సంస్థ కట్టించిన పెద్ద ప్రేక్షకశాల కనిపిస్తుంది. 2014లో తెరిచారు. సంజీవ్ కుమార్ పేరు పెట్టారు. ఆ దారిన రోజూ వచ్చేపోయే మన పిల్లలను అడగండి, ‘షోలేలో ఠాకూర్ కదా’ అంటారు. అంతకు మించి చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు, మనం చూపించలేదు. ఆయన సూరత్ బిడ్డ అని గుజరాతీ మిత్రులు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఆ గర్వంలో తెలుగువారికీ న్యాయమైన వాటా ఉందని చెప్పాలనే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

ఆయన అసలు పేరు హరిహర్ జెఠాలాల్ జరీవాలా. 1938 జూలై 9న ఈ ఊళ్లోనే పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ ఇప్టాలో, అంటే మనం ప్రజానాట్యమండలిగా ఎరిగిన ఉద్యమపు బొంబాయి శాఖలో నాటకాలాడాడు. తర్వాత ఇండియన్ నేషనల్ థియేటర్‌కు వెళ్లాడు. ఇప్టాలో ఉండగా ఎ.కె. హంగల్ దర్శకత్వంలో ఒక ముసలివాడి వేషం వేశాడు. అప్పటికి ఆయన ఇంకా పడుచువాడే. ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ఆల్ మై సన్స్’లోనూ వృద్ధుడే. పడుచువాడికి పదేపదే ముసలి వేషాలు ఇస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఈయన మాత్రం అవి వేస్తూ వేస్తూ నటుడికి కావలసిన అసలు విద్య పట్టేశాడు. వయసు మీద పడినవాడు ముందుగా ఏది పోగొట్టుకుంటాడు? కూర్చున్నవాడు లేచేటప్పుడు ఎక్కడ ఆగుతాడు? జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఊరుకుంటాడు? ఇవి తెలిశాక ఇక తెల్ల జుట్టుతో పనేముంది!

ఇక్కడ మన రంగస్థలం గురించి ఒక మాట. మన పద్యనాటకం నిండుతనం మీద నిలబడింది. కిరీటం, భుజకీర్తులు, హార్మోనియం, పద్యం చివర రాగం. ఆ రాగం ఎంతసేపు సాగితే అన్ని ‘వన్స్ మోర్’లు. రాయబారం సీను కోసం తెల్లవార్లూ కూర్చున్న జనం మనది. నాకు ఆ నిండుతనం ప్రాణం, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం రవ్వంతైనా లేదు. అయితే నటనకు ఇంకో దారి ఉంది. ఆ దారిలో నటుడు తన దగ్గరున్న సరంజామాను ఒక్కొక్కటే పక్కన పెట్టేస్తాడు. గొంతు వదులుతాడు, చేతులు వదులుతాడు, అందం వదులుతాడు. మిగిలినదానితోనే ప్రేక్షకుణ్ణి కదలకుండా కూర్చోబెడతాడు. హిందీ తెర మీద ఆ దారిలో సంజీవ్ కుమార్ నడిచినంత దూరం ఇంకెవరూ నడవలేదని నా నమ్మకం. ఈ ఉపన్యాసమంతా ఆ ఒక్క నమ్మకానికి సాక్ష్యాలు చూపించడమే.

సినిమా ఆయనను వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. 1960లో ‘హమ్ హిందుస్తానీ’లో చిన్న వేషం. కథానాయకుడు కావడానికి 1965 దాకా, ‘నిశాన్’ దాకా ఆగాల్సి వచ్చింది. 1968లో ‘సంఘర్ష్’లో దిలీప్ కుమార్ ఎదుట నిలబడ్డాడు. ఆ ఎదురెదురు సన్నివేశాలు చూసినవాళ్లకు కొత్తవాడెవరో వచ్చాడని అర్థమైంది.

సరిగ్గా ఆ ఏడే మనవాళ్లు ప్రవేశించారు. ఎల్.వి. ప్రసాద్ గారు ఏలూరు దగ్గరి పల్లె నుంచి బొంబాయి వెళ్లి 1931లో ‘ఆలం ఆరా’లో వేషం వేసిన మనిషి, ఆ తర్వాత తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ కనిపించినవారు. అవకాశం కోసం ఎదురుచూసే నటుడి ఆకలి ఆయనకు తెలుసు. ఆయన సంస్థ తీసిన ‘రాజా ఔర్ రంక్’లో సంజీవ్ కుమార్‌కు ప్రధాన పాత్ర దక్కింది. మార్క్ ట్వేన్ నవల ఆధారంగా తీసిన ఆ చిత్రానికి దర్శకుడు మన కె. ప్రత్యగాత్మ. మరుసటి ఏడాది ‘జీనే కీ రాహ్’, 1970లో ‘ఖిలోనా’, రెండూ ప్రసాద్ గారివే.

‘ఖిలోనా’ దగ్గర కాసేపు ఆగుదాం. గుల్షన్ నందా నవల ‘పత్థర్ కే హోంఠ్’ ఆధారంగా 1963లో ప్రత్యగాత్మ తెలుగులో ‘పునర్జన్మ’ తీశారు. అక్కినేని నాగేశ్వరరావు, కృష్ణకుమారి నటించారు. ఏడేళ్ల తర్వాత అదే కథ హిందీకి వెళ్లింది. ప్రేమించిన పిల్ల కళ్లముందే చనిపోవడంతో మతి చలించిన కవి, అతణ్ణి మామూలు మనిషిని చేయడానికి భార్యగా నటించమని ఇంటికి తెచ్చిన గణిక. అతని వేషం సంజీవ్ కుమార్‌ది, ఆమె వేషం ముంతాజ్‌ది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఫిలింఫేర్ బహుమతి దానికే, ఉత్తమ నటి బహుమతి ముంతాజ్‌కే. పిచ్చివాడి పాత్ర అంటే నటులకు పెద్ద విందు. కేకలు వేయవచ్చు, వస్తువులు విసరవచ్చు. సంజీవ్ కుమార్ కూడా విసిరాడు. కానీ నన్ను పట్టేసేది ఆ కేకలు కావు. మతి కొంచెం కొంచెంగా తిరిగి వస్తున్నప్పుడు ఆ ముఖంలో కనిపించే భయం. బాగుపడుతున్నవాడికి భయమెందుకు? బాగుపడితే పోగొట్టుకున్నది గుర్తొస్తుంది కాబట్టి. అక్కినేని వారి వేషం గుర్తున్న తెలుగు ప్రేక్షకుడు ఈ తేడా వెంటనే పసిగడతాడు. నాగేశ్వరరావు గారు ఆ పాత్రను కరుణతో నింపారు, ఈయన సందేహంతో నింపాడు. రెండూ కావాలి.

ఈ ఇద్దరి దారులు మళ్లీ కలిశాయి. తమిళంలో శివాజీ గణేశన్ తొమ్మిది వేషాలు వేసిన ‘నవరాత్రి’ని 1966లో తాతినేని రామారావు దర్శకత్వంలో తెలుగులో తీస్తే ఆ తొమ్మిదీ అక్కినేని వేశారు. రెండు భాషల్లోనూ నాయిక మన సావిత్రే. 1974లో ఎ. భీంసింగ్ హిందీలో ‘నయా దిన్ నయీ రాత్’ తీసినప్పుడు ఆ తొమ్మిదీ సంజీవ్ కుమార్‌కు వచ్చాయి, నాయిక జయ భాదురి. బందిపోటు, దొంగ స్వామి, తాగుబోతు, కుష్ఠురోగి, నౌటంకీ కళాకారుడు. చిత్రంగా అదంత గొప్పది కాదని నిర్మొహమాటంగా చెబుతాను. కొన్ని వేషాల్లో మేకప్ నటుణ్ణి మింగేసింది. అయినా మూడు భాషల నటులు ఒకే పరీక్షకు కూర్చున్నట్టున్న ఆ మూడు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నటన గురించి పుస్తకాలు చెప్పలేని పాఠాలు దొరుకుతాయి. అంతకు ముందు సంవత్సరమే, 1973లో, శివాజీ తమిళ చిత్రం ‘భారత విలాస్’లో దేశమంతా ఒకే ఇల్లు అనే పాటలో ఈ ముగ్గురూ ఉన్నారు. గుడివాడ దగ్గర పుట్టిన అక్కినేని, సూరత్‌లో పుట్టిన జరీవాలా ఒకే పాటలో అతిథులుగా! సూరత్ తెలుగువాళ్లం ఈ సంగతి ఇన్నాళ్లూ పెద్దగా చెప్పుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1978లో దాసరి నారాయణరావు తన ‘స్వర్గం నరకం’ను హిందీలో ‘స్వర్గ్ నరక్’గా తీసినప్పుడూ ప్రధాన పాత్రల్లో ఒకటి ఈయనదే.

ఇప్పుడు ‘కోశిష్’. 1972, గుల్జార్ దర్శకత్వం. మాటలు రావు, చెవులు వినపడవు, అలాంటి ఆలుమగల కథ. అంతకు ముందే ‘దస్తక్’కు జాతీయ ఉత్తమ నటుడు బహుమతి అందుకున్న మనిషి ఇందులో గొంతునే వదులుకున్నాడు. ఆ ఇంట్లో రెండో బిడ్డ పుడతాడు. బిడ్డకు వినపడుతుందో లేదో తెలుసుకోవాలని తండ్రి చెవి దగ్గర గిలక్కాయ ఆడిస్తాడు. బిడ్డ ఉలకడు, పలకడు. తల్లిదండ్రులు గుండె పగిలి వైద్యుడి దగ్గరికి పరుగెడతారు. తీరా చూస్తే బిడ్డకు ఏ లోపమూ లేదు, ఆ గిలక్కాయలో గింజలే లేవు. అది మోగడం లేదన్న సంగతి ఆడిస్తున్న మనిషికి తెలిసే వీలు లేదు. ఈ సన్నివేశం రాసినవాడి ప్రతిభ ఒకెత్తు. దాన్ని మోసినవాడి ముఖం ఇంకో ఎత్తు. తర్వాత ఆ కొడుకే పెద్దవాడై, మాట రాని పిల్లను చేసుకోనంటాడు. అప్పుడు తండ్రి చేతులు మాట్లాడతాయి. కోపం, అవమానం, చనిపోయిన భార్య మీది గౌరవం, మూడూ వేళ్లలోంచి వస్తాయి. మాట లేని చోట రాగం తీయడం ఎలాగో అక్కడ చూడాలి. ఈ చిత్రానికి ఆయనకు రెండో జాతీయ బహుమతి వచ్చింది.

చేతులతో అంత మాట్లాడినవాడు మూడేళ్లకు ఆ చేతుల్నే వదులుకున్నాడు. 1975 ఆగస్టు 15న ‘షోలే’ విడుదలైంది. మీలో అందరూ చూసిందే, అయినా ఈసారి ఒక్క విషయం గమనిస్తూ మళ్లీ చూడండి. ఠాకూర్‌కు చేతులు లేవన్న సంగతి సగం కథ నడిచేదాకా మనకు తెలియదు. హోలీ రోజు దాడి జరిగినప్పుడు కాళ్ల దగ్గర పడి ఉన్న తుపాకీని ఆయన అందించడు. ఎందుకు ఇవ్వలేదని ఆయన కుదుర్చుకున్నవాళ్లు నిలదీస్తారు. అప్పుడు గతం తెలుస్తుంది, శాలువా జారుతుంది. అంటే అప్పటిదాకా ఆయన రెండు రకాల ప్రేక్షకులకు ఒకేసారి నటించాలి. మొదటిసారి చూసేవాడికి అనుమానం రాకూడదు, రెండోసారి చూసేవాడికి ప్రతి కదలికా సరిపోవాలి. భుజం బిగువు, మెడ తిప్పే తీరు, మాట ముగించి నిలబడే పద్ధతి, అన్నీ సరిపోతాయి. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. బందిపోటు గబ్బర్ మాటలు దేశమంతా కంఠస్థం చేసింది, మంచిదే. కానీ గబ్బర్ కథకు బరువు ఠాకూర్ మౌనం వల్ల వచ్చింది. 2025లో ఇటలీలోని బొలోన్యా చిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని పునరుద్ధరించి, సెన్సారు మార్పించిన అసలు ముగింపుతో ప్రదర్శించారు. ఆ ముగింపులో గబ్బర్‌ను ఠాకూరే చంపుతాడు. కథకు అదే న్యాయమని నా అభిప్రాయం.

అదే ఏడాది ‘ఆంధీ’, ‘మౌసమ్’ కూడా వచ్చాయి. ‘ఆంధీ’ని అత్యవసర పరిస్థితి కాలంలో నిషేధించారు. ఆ చిత్రం ఆయనకు ఫిలింఫేర్ ఉత్తమ నటుడు బహుమతి తెచ్చింది, మరుసటి ఏడు ‘అర్జున్ పండిత్’ ఇంకొకటి తెచ్చింది.

1977లో సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’. ఇంగ్లండు రంగస్థలమూ మన రంగస్థలమూ ఒక్క చిత్రంలో చేరిన అపురూప సందర్భమది. జనరల్ ఔట్రమ్‌గా రిచర్డ్ అటెన్‌బరో. ఆయన 1952లో లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ మొదటి ప్రదర్శనలలో డిటెక్టివ్ వేషం కట్టినవాడు, ‘బ్రైటన్ రాక్’ నాటకంలోనూ చిత్రంలోనూ కుర్ర హంతకుడిగా పేరు తెచ్చుకున్నవాడు. అయిదేళ్ల తర్వాత, ఎనిమిది ఆస్కార్లు గెలిచిన ‘గాంధీ’ తీసిన దర్శకుడూ ఆయనే.  మీర్ రోషన్ అలీగా సయీద్ జాఫ్రీ, ఆయన కూడా బ్రిటన్ నాటకాల్లో, బీబీసీ రేడియోలో రాటుదేలిన కంఠం. ఆ కంఠం పక్కన సూరత్ గుజరాతీ అబ్బాయి లక్నో నవాబు కాలపు మీర్జా సజ్జాద్ అలీగా కూర్చున్నాడు.

నవాబు రాజ్యాన్ని లాక్కోవడానికి వచ్చిన ఔట్రమ్ కథ ఒక పక్క నడుస్తుంది, ఈ ఇద్దరు చదరంగ పిచ్చివాళ్ల కథ ఇంకో పక్క. అటెన్‌బరో పాత్రలో లోపల ఇబ్బంది ఉంది. తాను చేయబోయేది అన్యాయమని తెలిసిన అధికారి గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. మీర్జా అసలు కదలడు. రాజ్యం పోతున్నా, భార్య అలిగినా కళ్లు బల్ల మీదే. పావులు మాయమైతే కూరగాయలు పెట్టి ఆడతాడు. ప్రేంచంద్ కథలో ఆ ఇద్దరూ పొడుచుకుని చస్తారు. రాయ్ వాళ్లను బతికించాడు. పిస్తోలు పేలి శాలువాకు తగిలిన తర్వాత కూడా వాళ్లు మళ్లీ ఆటకు కూర్చుంటారు, ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో. బతికి ఉండటమే శిక్షగా మారిన ఆ చివరి ఘట్టాన్ని సంజీవ్ కుమార్ అతి మెల్లగా, దాదాపు ఏమీ చేయకుండా మోశాడు. నన్నడిగితే ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

షేక్స్‌పియర్‌నూ ఆయన వదల్లేదు. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆధారంగా గుల్జార్ 1982లో తీసిన ‘అంగూర్’లో అశోక్ అనే పేరున్న కవల యజమానులిద్దరూ ఆయనే, కవల నౌకర్లిద్దరూ దేవెన్ వర్మ. ఇంటిల్లిపాదీ కడుపు పట్టుకుని నవ్వే చిత్రం. ఇద్దరు అశోక్‌లలో ఎవరు తెర మీద ఉన్నారో మేకప్ సాయం లేకుండా, చూపులోని అనుమానాన్ని బట్టి పోల్చుకోవచ్చు.

1985 నవంబర్ 6న గుండె ఆగి ఆయన పోయాడు. నలభై ఏడేళ్లు. ఒప్పుకున్న చిత్రాలు వెనక మిగిలిపోయాయి. వాటిలో కె. ఆసిఫ్ మొదలుపెట్టిన ‘లవ్ అండ్ గాడ్’ ఒకటి. మొదట గురుదత్ మజ్నూ, ఆయన చనిపోయాక సంజీవ్ కుమార్ మజ్నూ. 1971లో ఆసిఫ్ పోయాడు. చిత్రం 1986లో విడుదలైనప్పుడు చూసుకోవడానికి ఈయనా లేడు. ‘ప్రొఫెసర్ కీ పడోసన్’ అయితే 1993లో గానీ రాలేదు.

మన సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ నుంచి వచ్చి సాంచెల మీద బతుకు నేసుకున్న కుటుంబాలవాళ్లే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే జూలై 9న, ఆయన పుట్టినరోజున, ఆ బడుల పిల్లలను పిలిచి ఉదయం ‘పునర్జన్మ’, మధ్యాహ్నం ‘ఖిలోనా’ వేద్దాం. సాయంత్రం గుజరాతీ ఇరుగుపొరుగును కూడా పిలిచి ‘కోశిష్’ చూపిద్దాం, దానికి ఏ భాషా రానక్కర్లేదు. మరుసటి ఆదివారం ‘అంగూర్’. అడాజన్‌లో గది దొరికితే చాలు, తెర సంగతి నేను చూసుకుంటాను.