కళాసాధనలో దేహపు టెఱుక



వడ్రంగికి ఉలి యెట్టిదో, సాలెవానికి మగ్గ మెట్టిదో, గాయకునికిని నటునికిని దేహ మట్టిది. ఉలి మొద్దుబారినచో వడ్రంగి దానిని చేతికెత్తి పరిశీలింపగలడు. గాయకుడు తన కంఠము నట్లు ఎత్తి చూచుకొనలేడు. పనిముట్టును పనివాడును ఒక్కటే యగుటచే వచ్చిన చిక్కు ఇది. గురువులును వైద్యులును విప్పలేకపోయిన ఈ చిక్కును తనకు తానే విప్పుకొనిన యొక కళాకారుని వృత్తాంతమే నేటి ప్రసంగమునకు విషయము.

దేహజ్ఞానము కళకు మూలమను మాట మన దేశమునకు క్రొత్తది గాదు. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల యాస్థానమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అది సంగీతగ్రంథమే యైనను, స్వరములను చెప్పబోవుటకు ముందే పిండోత్పత్తి ప్రకరణమున మానవదేహ మెట్లేర్పడునో వివరించెను. దానికి వ్యాఖ్య రచించిన సింగభూపాలుడు రాచకొండ నేలిన తెలుగు ప్రభువని ప్రసిద్ధి. అయితే దేహ మెట్లున్నదో తెలియుట వేఱు. పాడునపుడు తన దేహ మేమి చేయుచున్నదో తెలియుట వేఱు. రెండవదియే కష్టము.

ఫ్రెడరిక్ మాథియాస్ అలెగ్జాండరు 1869లో ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమున జన్మించెను. నెలలు నిండక పుట్టిన బిడ్డ. బాల్యము శ్వాసబాధలతోనే గడచెను. యౌవనమున తగరపు గనుల కంపెనీలో గుమాస్తాగా పనిచేసి, కొంత ధనము కూడబెట్టుకొని మెల్బోర్ను నగరము చేరెను. అచ్చట నాటకములు చూచియు, పాటకచ్చేరీలు వినియు ఆ ధనమంతయు వ్యయపఱచి, తానును రంగస్థలమునకే జీవిత మర్పింప నిశ్చయించుకొనెను. షేక్స్పియరు నాటకభాగములను సభలో ఒంటరిగా నిలిచి చదివి వినిపించుట ఆతని వృత్తి. మైకులు లేని దినము లవి. పేరు వచ్చుచున్న సమయముననే గొంతు బొంగురుపోవ నారంభించెను. ఒక్కొక్కప్పుడు మాట పెగలనంత వఱకు వచ్చెడిది. నడుమ నడుమ ఆతడు నోటితో గాలి పీల్చు చప్పుడు వినబడుచున్నదని మిత్రులు చెప్పిరి. గొంతే జీవనాధారమైన వాని కింతకంటె భయ మేమున్నది?

ముఖ్యమైన యొక ప్రదర్శనకు ముందు రెండు వారములు గొంతునకు విశ్రాంతి నిమ్మని వైద్యుడు చెప్పెను. ఆతడట్లే చేసెను. ఆ నాటి రాత్రి ఆరంభమున స్వరము స్వచ్ఛముగా పలికెను. సగము గడచునప్పటికి బొంగురు మఱల తలయెత్తెను. ముగియునప్పటికి మాటలాడుటయే దుర్భరమయ్యెను. మఱునాడు వైద్యుడు చికిత్స కొనసాగింపుమనెను. అలెగ్జాండరు ఒప్పుకొనలేదు. విశ్రాంతిచే బాగుపడిన గొంతు చదువ నారంభించిన కొలది సేపటికే చెడినదన్నచో, చదువునపుడు తాను చేయుచున్న దేదియో దానిని చెఱచుచున్నది గాదా యని యడిగెను. వైద్యు డౌననెను. అది యేమని యడుగగా చెప్పలేకపోయెను.

ఇక మిగిలినది అద్దము. ఆతడు నిలువుటద్దము నెదుట నిలిచి మొదట మామూలుగా మాటలాడి చూచెను. విశేష మేమియు కనబడలేదు. పిమ్మట పద్యము చదివెను. మూడు దోషములు కనబడెను. తల వెనుకకు లాగబడుచున్నది, స్వరపేటిక క్రిందికి నొక్కబడుచున్నది, ఊపిరి నోటితో చప్పుడు చేయుచు లోనికి పోవుచున్నది. తెలిసి చూచిన పిదప మామూలు మాటలయందును అవే దోషములు కొంచెముగా నున్నట్లు కనుగొనెను. తల వెనుకకు పోకుండ కొంతవఱకు ఆపగలిగినపుడు మిగిలిన రెండును తమంతట తామే తగ్గెను. దోషము గొంతులోనిది మాత్రమే కాదు. ఱొమ్ము ఎగదీయుట, వీపు ఇఱుకగుట, నిలువు కుంగుట, అన్నియు దానితో ముడివడి యున్నవి. పాదములతో నేలను పట్టుకొనవలెనని పూర్వము ఒక గురువు చెప్పియుండగా, శిష్యుడు కాలివ్రేళ్లను ముడిచి కాళ్లన్నిటిని బిగించుట నేర్చుకొనియుండెను! గురువాక్య మొకటి, శిష్యుని దేహము గ్రహించిన దొకటి.

పద్యనాటకములు చూచినవారికి ఆ భంగిమ తెలియనిది కాదు. రాగము తారస్థాయి నందుకొనునపుడు గడ్డ మెత్తి, మెడనరములు ఉబ్బ, ఱొమ్ము విఱిచి నిలిచిన నటునికి ‘వన్స్ మోర్’ అని కేకలు వేసిన కాల మొకటుండెను. ఆ కేక పద్యమునకో, ఆ శ్రమకో చెప్పుట కష్టము.

ఇంతవఱకు కథ సులభముగ నడచినది. అలెగ్జాండరు ఇరుప్రక్కల మఱి రెండు అద్దములు పెట్టించి చూచునప్పటికి ఆశ్చర్యము కలిగెను. తల ముందుకు పెట్టుచున్నానని తాను గట్టిగా భావించుచున్న క్షణముననే అది వెనుకకు పోవుచుండెను. చిరకాలపు టలవాటుచే వంకరయే తిన్నగా తోచుచున్నది. దేహానుభూతియే సాక్ష్య మని నమ్మువారి కిది పిడుగువంటి మాట. ఎఱుక యనగా తనకు తోచినదానిని నమ్ముట కాదని ఆతడు అద్దమువలన తెలిసికొనెను.

దోషమును సరిదిద్ద బలవంతము చేసినకొలది బిగువే పెరిగెను. కాబట్టి వాక్యము పలుకవలెనను కోరిక పుట్టిన క్షణముననే ‘ఇప్పుడు పలుకను’ అని నిలుచుట మొదలుపెట్టెను. మెడ సడలవలె, తల ముందునకును పైకిని పోవలె, వీపు నిడుపై వెడల్పు కావలె నని మనసులో చెప్పుకొనుచుండెడివాడు. తుదిక్షణమున మరల నిర్ణయించుకొనెడివాడు. పలుకవచ్చును, పలుకక యూరకుండవచ్చును, పలుకుటకు బదులు చేయి ఎత్తవచ్చును. ఫలమునందలి తొందర వదలినపు డలవాటు పట్టు సడలెను. గీతాపారాయణము చేయువారికి ఇది పరిచితముగ తోచవచ్చును. ఆతడు మాత్రము అద్దముల నడుమ, ఏండ్ల తరబడి శ్రమించి దీనిని చేరెను. బొంగురు పోయెను, బాల్యపు శ్వాసబాధలును తగ్గెను. తోడి నటులు నేర్పుమని రాసాగిరి.

1904లో లండను చేరి అచ్చటనే ఈ విద్యను బోధించెను. బెర్నార్డు షా, ఆల్డస్ హక్స్లీ, అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ ఆతని శిష్యులు. పైన చెప్పిన పరిశోధనను 1932లో ‘ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్’ అను గ్రంథపు మొదటి ప్రకరణమున ఆతడే వ్రాసెను. నికొలాస్ టిన్బర్గెన్ 1973లో తన నోబెల్ ప్రసంగమున దీనిని ప్రశంసించెను. నడుమునొప్పి గల 579 మందిపై ఇంగ్లండులో జరిగిన పరీక్ష, 2008లో ప్రకటితమై, ఈ పాఠములు మేలు చేసినట్లు చూపెను. శిష్యులు చెప్పు గొప్ప లన్నియు ఋజువైనవని మాత్రము అనరాదు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ వంటి విద్యాలయములలో సంగీతవిద్యార్థులకు దీనిని నేర్పుచున్నారు. వాద్యమును తీయుటకు ముందు కుర్చీలో కూర్చుండుట, లేచుట అభ్యసింతురు.

1947 డిసెంబరులో, 78వ యేట, అలెగ్జాండరునకు పక్షవాతము వచ్చెను. కోలుకొని మఱల పాఠములు చెప్ప నారంభించెను. 1955 అక్టోబరులో మరణించునప్పటికి ఆతని వయస్సు 86 ఏండ్లు.