నాటిన చేయి, కాచే చేయి



అశోకుడు బాటల వెంట చెట్లు నాటించాడన్న వాక్యం మన పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉన్నది. కళాశాలలలో చరిత్ర బోధించే మేము ఏటా ఆ వాక్యాన్ని చెబుతూనే ఉంటాము. పరీక్షలో రెండు మార్కులతో తీరిపోయే ఆ వాక్యానికి నేటి నగరంలో ఏమి అర్థమున్నదో ఈ పూట కలిసి ఆలోచిద్దాం.

మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని రెండవ శిలాశాసనం ఉన్నది. మనుషులకు, పశువులకు వైద్యం, ఔషధ మొక్కల పెంపకం, దారి వెంట బావులు, చెట్లు అందులోని విషయాలు. ఇదే సంగతిని మరింత విపులంగా చెప్పినది ఏడవ స్తంభ శాసనం. అది దిల్లీ-తోప్రా స్తంభంపై మాత్రమే లభించింది. 14వ శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ తోప్రా నుంచి తరలించిన ఆ స్తంభం నేటికీ దిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లాలో నిలిచి ఉన్నది. మనుషులకు, పశువులకు నీడ కోసం మర్రిచెట్లు నాటించినట్లు, మామిడితోపులు వేయించినట్లు అందులో ఉన్నది. శాసనం అంతటితో ఆగలేదు. పూర్వపు రాజులు కూడా ఇటువంటి సౌకర్యాలు కల్పించారని, ప్రజలు ధర్మాన్ని ఆచరించాలనే ఉద్దేశంతో తాను ఈ పని చేశానని చక్రవర్తి చెప్పుకున్నాడు. మన పాఠాలలో మొదటి సగం నిలిచింది, రెండవ సగం జారిపోయింది. రాజు నాటిన చెట్టును చూసి ప్రజలు తమ కర్తవ్యాన్ని గుర్తించాలన్నదే ఆ రెండవ సగం.

ఆ స్తంభం నిలిచిన నగరంలోనే 2018 జూన్‌లో జరిగిన ఒక ఘట్టాన్ని చూద్దాం. దక్షిణ దిల్లీలో ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీల పునర్నిర్మాణానికి 14 వేలకు పైగా చెట్లను కొట్టివేయనున్నారని తెలిసి, సరోజినీ నగర్ పరిసరాల ప్రజలు వీధిలోకి వచ్చారు. పిల్లలు, పెద్దలు చెట్లను కౌగిలించుకొని నిలబడ్డారు. నౌరోజీ నగర్‌లో అప్పటికే చాలా చెట్లు నేలకూలాయి. హైకోర్టు నరికివేతను ఆపించింది. ప్రణాళికను సవరించవలసి వచ్చింది. 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఆ నగరంలో అంతకు ముందే ఉన్నది. చట్టం ఉండి కూడా, జనం కదిలిన తరువాతనే గొడ్డలి ఆగింది.

కొట్టిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటాలన్న లెక్క కూడా అక్కడ అమలులో ఉన్నది. కాగితంపై అది లాభంగానే కనిపిస్తుంది. కాని ఆ పది మొక్కలు వేరొక చోట మొలుస్తాయి. వేపచెట్టు కింద చెప్పులు కుట్టుకునే వృద్ధుడికి, తోపుడుబండిపై పండ్లమ్మే తల్లికి, ఆటో ఆపుకొని నడుము వాల్చే డ్రైవరుకు పోయిన నీడ తిరిగి రాదు. ఇంట్లో చల్లని యంత్రం ఉన్నవారికి చెట్టు అందం. వీధిలోనే బతుకు వెళ్లదీసేవారికి అదే ఇంటికప్పు. శాసనం నీడను పంచినప్పుడు కులం అడగలేదు, హోదా అడగలేదు. పశువును సైతం లెక్కలోకి తీసుకున్నది. సమతను కోరే మనం నీడను కూడా హక్కుగా చూడవలసి ఉన్నది.

అయితే గొడ్డలి కంటే నిశ్శబ్దంగా చెట్టును చంపేవి మరికొన్ని ఉన్నాయి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వేరుకు నీరు, గాలి అందవు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటును తొలగించాలని ఆదేశించినది ఇందుకే. మొక్కకు రక్షణగా పెట్టిన ఇనుప చట్రాన్ని చెట్టు ఎదిగాక తీయకుంటే అదే కాండాన్ని నొక్కివేస్తుంది. ప్రకటనల బోర్డుకు కొట్టిన మేకు, లోతుగా తవ్విన కేబుల్ గుంత కూడా అటువంటివే. వీటిని ఏ కార్యాలయమూ రోజూ వచ్చి చూడలేదు. చూడగలిగినది ఆ వీధివారే.

మనకు దగ్గరలోనే హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూరు వెళ్లే రహదారి ఉన్నది. దాని వెంట వందలాది పాత మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణ మాట వచ్చినప్పుడు పౌరులు వాటిని ఒక్కొక్కటిగా లెక్కించి హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. లెక్క ఉన్న చెట్టును మాయం చేయడం కష్టం.

కనుక ఈ సభ నుంచి మూడు పనులు తీసుకుపోదాం. మొదటిది, మనం నివసించే వీధిలోని చెట్లను లెక్కించి పేరుతో సహా పుస్తకంలో రాద్దాం. రెండవది, మొదళ్ల చుట్టూ మట్టిని విడిపిద్దాం. మూడవది, అనుమతి లేకుండా చెట్టు కొడుతుంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. జయంతినాడు మొక్క నాటడానికి చేతులు చాలానే వస్తాయి. ఏప్రిల్, మే నెలలలో దానికి బిందెడు నీరు మోసే చేతులు కావాలి. కనీసం మూడు వేసవులు ఎవరు నీరు పోస్తారో నిర్ణయించుకున్న తరువాతనే గుంత తీద్దాం. పది మొక్కలు నాటి మరచిపోవడం కంటే, రెండు నాటి నిలబెట్టడం మేలు.