చమురు సంస్థలో పెత్తనమెవరిది?

తిరుపతిలోగాని చిత్తూరులోగాని హెచ్.పి. గ్యాసు వాడు ఇంట, ఆ సంస్థ ఎవరిదని అడిగి చూడుడు. ప్రభుత్వముదని జవాబు వచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని 2018 జనవరిలో హిందూస్థాన్ పెట్రోలియమునందు కేంద్రప్రభుత్వమునకు గల నూటికి 51.11 వంతుల వాటాను ఓ.ఎన్.జి.సి. 36,915 కోట్ల రూపాయలకు కొనినది. అమ్మినది ప్రభుత్వము, కొన్నదియు ప్రభుత్వ సంస్థయే. తండ్రి తన పొలమును పెద్దకొడుకునకు అమ్మి సొమ్ము పెట్టెలో వేసికొనినట్లున్నది. కొడుకు అందుకై అప్పుచేయవలసి వచ్చెను.

తరువాతి కథ ఇంకను వింతైనది. ఏడాది గడచినను హిందూస్థాన్ పెట్రోలియము తన వాటాదారుల పట్టికలో ప్రమోటరు, అనగా సంస్థకు మూలస్వామి, అను చోట రాష్ట్రపతి పేరునే చూపుచు వచ్చినది. ఆ పేరిట వాటా సున్న! సగమునకు మించిన వాటా గల ఓ.ఎన్.జి.సి. మాత్రము సామాన్య వాటాదారుల వరుసలో నిలుచుండెను. షేరు మార్కెటును పర్యవేక్షించు సెబీ కలుగజేసికొనిన పిదప 2019లో ఈ వ్రాత మారినది.

దీనిని గుమాస్తాల పొరపాటని మేము తలపము. ఆ సంస్థ అధ్యక్షుని నియమించునది ఢిల్లీ. వంటగ్యాసును నష్టమునకు అమ్మినందుకు 2022 అక్టోబరులో మూడు చమురు సంస్థలకు 22,000 కోట్లు మంజూరు చేసినదియు ఢిల్లీయే. తాళపుచెవులు ఎవరి బొడ్డున నున్నవో ఇంటివారికి తెలియదా?

చైనావారి పద్ధతి వేరు. 1982లో ఏర్పడిన సముద్రచమురు సంస్థ సి.ఎన్.ఓ.ఓ.సి.లో తల్లిసంస్థ పూర్తిగా ప్రభుత్వముది. వాటాలు అమ్మినది 1999లో పుట్టిన పిల్లసంస్థ. 2001లో హాంగ్‌కాంగు, న్యూయార్కు మార్కెట్లకు ఎక్కినది. పై అధికారులను పార్టీ నిర్ణయించును. అక్కడ పెత్తనము దాగలేదు. దాగకపోవుటయు ఒక చిక్కే: 2005లో అమెరికాలోని యూనోకాల్‌ను 1,850 కోట్ల డాలర్లకు కొనబోగా, తల్లిసంస్థ ఇచ్చు చౌక అప్పును చూపి అమెరికా రాజకీయులు అడ్డుతగిలిరి. బేరము విరమింపబడెను.

మనకు పట్టవలసినది కాకినాడ సముద్రము. అచట లోతునీటి క్షేత్రమునకు ఓ.ఎన్.జి.సి. 2016లో పెట్టుబడి తీర్మానించినది. తొలి చమురు వచ్చినది 2024 జనవరి 7న. ఆలస్యమునకు కోవిడ్ ఒక కారణము, కాదనము. కాని ఈ నడుమ ఆ సంస్థ 2017లో గుజరాతు ప్రభుత్వ సంస్థనుండి ప్రక్క గ్యాసుక్షేత్రమున నూటికి 80 వంతులు కొనినది. పిమ్మట హిందూస్థాన్ పెట్రోలియము. నూతులు త్రవ్వవలసిన చేతికి ఇన్ని బరువులెందుకో మాకు బోధపడలేదు. పైగా 2021 మార్చి చివర అధ్యక్షుడు విరమించగా, 2022 డిసెంబరు వరకు ఆ కుర్చీలో ఒకరి వెంట నొకరు తాత్కాలికులే కూర్చుండిరి. కాకినాడ కెదుట సముద్రముపై పనులు సాగుచుండినది ఆ నెలలలోనే.