జూలు పశువు మనకు తగునా? బలిఘట్టపు రైతుల ప్రశ్నలకు ప్రత్యుత్తరములు



స్కాట్లండు కొండసీమలలోని జూలు పశువులను గూర్చి మీరు తరచుగా ప్రశ్నించుచున్నారు. కన్నులపై జారు వెండ్రుకలు, వెడల్పైన కొమ్ములు, పీచుగడ్డిని మేసియు కండ పట్టు గుణము, ఇవన్నియు నిజమే. 1885 నాటికే ఆ జాతికి వంశావళి గ్రంథము వెలువడినది. అయినను అట్టి పశువును మన వరాహనదీ తీరమునకు దెచ్చుట డబ్బు దండుగ యని నా యభిప్రాయము.

కారణము దాని మేనిపైననే కలదు. ఆ వెండ్రుకలు రెండు పొరలు. పైపొర సుమారు అడుగు పొడవు పెరిగి, జిడ్డు గలిగి వానను జార్చివేయును. లోపొర దూదివలె మెత్తనై వేడిమిని పట్టియుంచును. మంచుగాలిలో నిది కంబళి. నర్సీపట్నపు వైశాఖములో నదే కంబళి కప్పుకొన్న పశువు రొప్పును, మేత తగ్గించును, సకాలమున ఎదకు రాదు. వెండ్రుకలు కత్తిరించిన చాలదా యందురేమో. కొంత ఉపశమనము కలుగును గాని ఉక్కకు ఓర్చు శక్తి కత్తెరతో రాదు.

మన ఒంగోలు పశువును చూడుడు. పొట్టి తెల్లవెండ్రుక యెండను మరలించును. క్రింది నల్లచర్మము ఎండదెబ్బకు తట్టుకొనును. వ్రేలాడు గంగడోలు మేని వైశాల్యమును పెంచి వేడిని వెలికి బంపును. ఈ గుణములను జూచియే బ్రెజిలు దేశస్థులు 19వ శతాబ్దిలోనే ఈ పశువులను కొనిపోయి, నెల్లూరు పేరిట "నెలోరి" యని పిలిచిరి. 1960 తరువాతి యేండ్లలో మరల మేలైన ఆబోతులను కొనిపోయిరి. నేడచ్చటి మాంసపు మందలలో అధికభాగము ఈ రక్తమే. ఇంటి సొత్తు విలువ పొరుగువాడు చెప్పవలసివచ్చుట వింతయే!

అట్లని అందరును ఒంగోలు ఆవును కొనవలెనని చెప్పను. నూరు కిలోల బరువునకు రోజునకు రెండున్నర కిలోల యెండుమేత లెక్కింపుడు. నాలుగు వందల కిలోల యావునకు పది కిలోలు వలయును. వరిగడ్డియు గట్టుపచ్చికయు మాత్రమే గలవారికి మన చిన్న నాటు పశువే మేలు. బురదమడిలోను కొండవాలులోను దాని యడుగు తేలికగా పడును. పెద్దజాతి కోరువారు ముందుగా మేత పెంచుడు. వరి కోతకు కొన్నిదినముల ముందు చేనిలోనే జనుముగాని పిల్లిపెసరగాని చల్లినచో, మిగిలిన పదునుతో పచ్చిమేత లభించును.

ఆబోతును కొనునపుడు దాని మూపురమును మాత్రమే చూడక, తల్లి యెన్ని పాలిచ్చినది, ఎన్ని నెలల యెడముతో ఈనినది యని యడుగుడు. మీ మందలో అట్టి తల్లికి పుట్టిన కోడెదూడ యున్నచో, రెండవయేట సంతకు తోలకుడు.