బూజు వ్యాధికి జంట వైద్యం



కృష్ణగిరి మామిడి మండీలో దెబ్బతగిలిన పండు రెండుమూడు రోజులలో మెత్తబడి, దానిపై దూదివంటి బూజు పరచుకోవడం మత్తూరువారికి క్రొత్త సంగతి కాదు. అట్టి బూజులలో రైజోపస్ ఒకటి. నిలువ రొట్టెపై పెరిగేదీ, వృక్షశాస్త్రపు తరగతిలో సూక్ష్మదర్శినిక్రింద చూపేదీ ఆ జాతియే. దాని సిద్ధబీజాలు గాలిలో ఎల్లవేళలా ఉంటాయి. ఆరోగ్యవంతుని ముక్కులో చేరినా సాధారణంగా హాని చేయలేవు.

2021 వేసవిలో ఆ జాతి బూజే మృత్యుకారణమైంది. కోవిడ్ సోకిన మధుమేహ రోగులలో, ముఖ్యంగా స్టిరాయిడ్లు వాడినవారిలో, ముక్కునుండి కంటికీ, కొందరిలో మెదడుకూ ప్రాకింది. పత్రికలు దానిని బ్లాక్ ఫంగస్ అన్నాయి. నిజానికి నలుపు బూజుది కాదు. రక్తనాళాలు మూసుకుపోయి చచ్చిన కండది. ఆ మే నెలలోనే తమిళనాడు, తెలంగాణ ప్రభుత్వాలు దానిని విధిగా తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించాయి. హైదరాబాదు కోఠీలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ప్రత్యేక చికిత్సాకేంద్రమైంది. జులై నాటికి దేశంలో రోగుల సంఖ్య 45 వేలు దాటింది. 4 వేలకు పైగా మరణించారు. ప్రాణం దక్కినా కన్నో, పైదవడయో పోగొట్టుకొన్నవారు ఎందరో.

ప్రధాన ఔషధం ఆంఫోటెరిసిన్-బి. వెనెజులాలోని ఒరినాకో నదీప్రాంతపు మట్టిలో 1950లలో దొరికిన సూక్ష్మజీవి దానికి మూలం. బూజు కణపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. మానవకణాలలోని కొలెస్టెరాల్ ఎర్గోస్టెరాల్‌కు దగ్గరి చుట్టం కావడమే చిక్కు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొవ్వుబుడగలలో పొదిగిన రకం మెరుగైనదే. కాని కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అనగా 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు, వారాల తరబడి కావాలి. ఆ సీసాలకై 2021లో రోగుల బంధువులు తిరగని చోటు లేదు.

ఔషధం బూజును చంపుతుంది గాని దాని పట్టును విడిపించదు. ఆ పట్టు ఎట్టిదో అమెరికాలోని టోరెన్స్ నగరంలో ఆష్రఫ్ ఇబ్రహీం బృందం కనుగొన్నది. బూజుపైనున్న కాట్‌హెచ్3 అనే మాంసకృత్తి, రక్తనాళపు గోడకణాలపైనున్న జీఆర్‌పీ78 అనే మాంసకృత్తికి కొక్కెంవలె తగులుకొంటుంది. రక్తంలో చక్కెర, ఇనుము, కీటోన్ ఆమ్లాలు హెచ్చినప్పుడు కొక్కేలూ పెరుగుతాయి, అవి తగులుకొనే చోట్లూ పెరుగుతాయి. మధుమేహ రోగులనే ఈ వ్యాధి ఎందుకంతగా పట్టి పీడించిందో దీనివలన బోధపడుతుంది.

2019లో ఆ బృందం కొక్కేన్ని కప్పివేసే ప్రతిరక్షకాలను చిట్టెలుకలపై ప్రయోగించింది. అవి బూజు చొరబాటును అడ్డుకొన్నాయి. తెల్లకణాలు దానిని మ్రింగి చంపడానికి తోడ్పడ్డాయి. ఔషధమూ ప్రతిరక్షకమూ కలిపి ఇచ్చినప్పుడు, విడివిడిగా ఇచ్చినప్పటికంటె ఎక్కువ ఎలుకలు బ్రతికాయి.

అయితే ఎలుక మనిషి కాదు. మనుషులలో గెలిచినట్లు కనబడినదీ నిలువలేదు. కాండిడా అనే మరొక శిలీంధ్రంపై మైకోగ్రాబ్ అనే ప్రతిరక్షకాన్ని ఆంఫోటెరిసిన్‌తో కలిపి రోగులకే ఇచ్చి చూశారు. 2006లో వెలువడిన ఫలితాలలో జంట వైద్యం పొందినవారిలో 84 శాతం, ఔషధం మాత్రమే పొందినవారిలో 48 శాతం కోలుకొన్నారు. అయినా తయారీ నాణ్యతపైన, భద్రతపైన సందేహాలతో ఐరోపా నియంత్రణాధికారులు అనుమతి నిరాకరించారు. ఆ నిరాకరణ కఠినమైనదే గాని అన్యాయమైనది కాదు. కాట్‌హెచ్ ప్రతిరక్షకం కూడా ఆ గడపలన్నీ దాటవలసి ఉన్నది.

అంతవరకు మధుమేహమున్న పెద్దలకు స్టిరాయిడ్లు వాడుతున్నప్పుడు ఇంటివారు చక్కెర పరీక్ష మానరాదు. ముక్కులో నల్లని పక్కు, ముఖానికి ఒకవైపు వాపు, చూపు రెండుగా కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసికొనిపోవాలి.